మూడు వారాల్లో సిలిండర్ ఖాళీ: గ్యాసు ఎక్కడి నుంచి పోతోంది?

బార్లీగింజ
ఇంట్లో తయారుచేసుకున్న పేల్ ఏల్ బీరును 19 లీటర్ల బాల్ లాక్ కెగ్‌లో (బీరు నింపే స్టీలు పీపా) నింపి, 2.27 కిలోల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ తగిలించి, 12 పీఎస్ఐ (పీడనం కొలత) దగ్గర ఉంచాను. కెగ్ ఫ్రిజ్ లోపల ఉంటుంది, సిలిండర్ బయట ఉంటుంది, గొట్టం పక్కన వేసిన రంధ్రంలోంచి వెళుతుంది. ఇరవై రోజులు తిరిగేసరికి సిలిండర్ పూర్తిగా ఖాళీ అయింది. ఇలా జరగడం ఇది రెండోసారి. మొదటిసారి సిలిండర్ సరిగా నింపలేదేమోనని సరిపెట్టుకున్నాను. ఈసారి అన్ని కీళ్ల మీదా సబ్బునీళ్లు చల్లి చూసినా ఒక్క బుడగ కూడా రాలేదు. సిలిండర్ వైపు గేజ్ ముందువారం వరకూ 800 పీఎస్ఐ పైనే చూపించి, కొద్దిరోజుల్లో సున్నాకు పడిపోయింది. అంటే గ్యాసంతా ఆ కొద్దిరోజుల్లోనే పోయినట్టా? కెగ్ పాతది, ఒకప్పుడు సోడా సిరప్‌కు వాడినది. సిలిండర్ పీడనాన్ని తగ్గించి పంపే రెగ్యులేటర్ కొత్తది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

హాప్స్‌తీగ
ఇది లీకు కాకపోవచ్చు. చల్లని బీరు గ్యాసును బాగా పీల్చుకుంటుంది. మొదటి వారంలో రెగ్యులేటర్ ఎప్పుడు చూసినా గ్యాసు పంపుతూనే ఉంటుంది. నేను కూడా మొదట్లో ఇలాగే కంగారుపడ్డాను.

నిదానం
హాప్స్‌తీగ గారు చెప్పిన కారణం నిజమైనదే కానీ, లెక్క వేసి చూస్తే అది ఈ నష్టానికి ఏమాత్రం సరిపోదు. బీరులో 2.5 వాల్యూముల కార్బొనేషన్ (బీరు పరిమాణానికి రెండున్నర రెట్ల గ్యాసు కరగడం) ఉండాలంటే లీటరుకు దాదాపు 4.9 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ కావాలి, అంటే 19 లీటర్లకు 93 గ్రాములు. పులిసినప్పుడే కొంత గ్యాసు బీరులో మిగిలి ఉంటుంది కాబట్టి సిలిండర్ నుంచి తీసుకునేది ఇంకా తక్కువే. ఆ తరువాత 12 పీఎస్ఐ దగ్గర బీరును బయటికి నెట్టడానికి లీటరుకు సుమారు 3.5 గ్రాములు, అంటే కెగ్ మొత్తానికి 67 గ్రాములు ఖర్చవుతుంది. రెండూ కలిపినా 160 గ్రాములు దాటదు. 2,270 గ్రాముల సిలిండర్ పది కెగ్గులకు మించి రావాలి.

ఇక గేజ్ సంగతి. సిలిండర్‌లో ఉన్నది చాలావరకు ద్రవరూపంలోని కార్బన్ డయాక్సైడ్. ఒక్క చుక్క ద్రవం మిగిలి ఉన్నంతవరకూ దాని మీది ఆవిరి పీడనం ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది తప్ప ఎంత మిగిలిందన్నదాన్ని బట్టి ఉండదు. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది 800 పీఎస్ఐకి కాస్త పైన ఉంటుంది. ద్రవం అయిపోయాకే సూది కదులుతుంది, కదిలాక తొందరగా పడిపోతుంది. అందువల్ల మీ గ్యాసు ఆ కొద్దిరోజుల్లోనే పోలేదు, ఇరవై రోజులూ పోతూనే ఉంది. ఇకమీదట గేజ్‌ను కాదు, కాటాను నమ్మండి. ఖాళీ సిలిండర్ బరువు దాని మెడ దగ్గర చెక్కి ఉంటుంది.

పీపాలపని
పాత కెగ్ అన్నారు కాబట్టి నేను మూతనే అనుమానిస్తాను. ఆ కోలగా ఉండే మూత తక్కువ పీడనం దగ్గర సరిగా కూర్చోదు. లోపలి పీడనమే దాన్ని పైకి నెట్టి అంచుకు బిగిస్తుంది కాబట్టి, మొదట 30 పీఎస్ఐ ఇచ్చి కూర్చోబెట్టి, తరువాత 12కు తగ్గించాలి. నా దగ్గరున్న ఒక కెగ్‌కు అది కూడా చాల్లేదు. మూత పిడికి ఉన్న రెండు కాళ్ల కింద పలుచని రబ్బరు ముక్కలు పెట్టాక బిగువు పెరిగి నిలబడింది. ముందుగా మూత ఓ-రింగ్‌ను (గ్యాసు పోకుండా మూసే రబ్బరు వలయం) మార్చండి. మామూలు దానికంటే కాస్త లావుగా, మెత్తగా ఉండే రకం దొరుకుతుంది.

లోహకారుడు
పరీక్షించకుండా భాగాలు మార్చుకుంటూ పోవడాన్ని నేను ఒప్పుకోను, పీపాలపని గారూ. మూత కావచ్చు, కాకపోవచ్చు. ఈ కెగ్‌లో గ్యాసు పోగల చోట్లు లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక్కొక్క పరిస్థితిలోనే లీకవుతుంది.

పోస్ట్ (కెగ్ మీద గొట్టం తగిలించే మొన) లోపల స్ప్రింగుతో ఉండే చిన్న పాపెట్ వాల్వ్ చెడితే, డిస్కనెక్ట్ (గొట్టం చివర ఉండి పోస్ట్‌కు తగిలే మూతి) తీసేసినప్పుడు మాత్రమే గ్యాసు బయటికి పోతుంది. తగిలించి ఉన్నప్పుడు పాపెట్ ఎలాగూ తెరుచుకునే ఉంటుంది కాబట్టి అది మంచిదైనా, చెడ్డదైనా ఒకటే. పోస్ట్ వెలుపల ఉండే ఓ-రింగ్ సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. అది డిస్కనెక్ట్ లోపలి గోడకు ఆనుకుని మూస్తుంది కాబట్టి, తగిలించి ఉన్నప్పుడు మాత్రమే లీకవుతుంది. మూత, మూత మీది ప్రెషర్ రిలీఫ్ వాల్వ్, పోస్టుల కింద డిప్ ట్యూబులకు (కెగ్ లోపలికి దిగే గొట్టాలు) ఉండే ఓ-రింగులు మాత్రం ఎప్పుడైనా లీకవుతాయి. కాబట్టి కెగ్‌ను తగిలించినప్పుడు ఒకసారి, తీసి ఉంచినప్పుడు ఒకసారి చూస్తే సగం అనుమానాలు తీరిపోతాయి.

ఒక్క మాట మాత్రం తప్పక గుర్తుంచుకోండి. పోస్ట్‌ను గానీ మూతను గానీ విప్పే ముందు రిలీఫ్ వాల్వ్ లాగి పీడనమంతా వదిలేయాలి.

మంచుగది
ఎవరూ అడగకపోయినా ఇది చెప్పాలనిపించింది. పోయిన ఆ 2.27 కిలోల గ్యాసు గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు 1.25 ఘనపు మీటర్లు అవుతుంది. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు ఉన్న గదిని పూర్తిగా మూసి అదంతా ఒకేసారి వదిలితే, గాలిలో కార్బన్ డయాక్సైడ్ నాలుగు శాతం దాటుతుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ ప్రాణానికి తక్షణ ప్రమాదంగా లెక్కించే హద్దు 40,000 పీపీఎం (పది లక్షల్లో వంతులు), అంటే సరిగ్గా నాలుగు శాతమే. ఎనిమిది గంటల పనికి అనుమతించే హద్దు 5,000 పీపీఎం మాత్రమే. మీది నెమ్మదిగా పోయింది కాబట్టి ఏమీ కాలేదు. అయినా లీకు దొరికేవరకు సిలిండర్ ఉన్న గదికి గాలి ఆడేలా చూసుకోండి, దాన్ని నిలువుగా గోడకు కట్టి ఉంచండి.

బార్లీగింజ
అందరి సమాధానాలూ రెండేసిసార్లు చదివాను. మంచుగది గారి లెక్క చూశాక కిటికీ తెరిచే ఉంచుతున్నాను. సిలిండర్ నింపించి, పది కిలోల వరకు తూచే వంటింటి కాటా మీద పెట్టి బరువు రాసుకున్నాను. సబ్బునీళ్ల పరీక్ష నేను చేసింది రెండుసార్లు. మొదటిసారి కెగ్ బయట ఉండగా 30 పీఎస్ఐ దగ్గర, రెండోసారి ఫ్రిజ్ తలుపు తెరిచి 12 దగ్గర. రెండుసార్లూ ఏమీ కనిపించలేదు. సిలిండర్‌కు రెగ్యులేటర్ బిగించే మరకు టెఫ్లాన్ టేపు చుట్టాను, అది మంచిదే కదా?

రాగిగొట్టం
మంచిది కాదు, తీసేయండి. సిలిండర్ కనెక్షన్ సీజీఏ 320 అయినా, యూరప్ దేశాల్లో వాడే డబ్ల్యూ 21.8 అయినా, అక్కడ గ్యాసును ఆపేది మర కాదు, మధ్యలో ఉండే వాషర్. టేపు చుట్టడం వల్ల మర పట్టేసినట్టు అనిపించి, వాషర్ పూర్తిగా నొక్కుకోకముందే మనం బిగించడం ఆపేస్తాం. ఆ వాషర్ ఒకసారి నొక్కుకున్నాక దాని మీద గుర్తు పడిపోతుంది కాబట్టి సిలిండర్ మార్చిన ప్రతిసారీ కొత్తది వేయడం మేలు. కొన్ని రెగ్యులేటర్లకు ఓ-రింగ్ లోపలే అమర్చి ఉంటుంది, వాటికి వాషర్ అవసరం లేదు.

పీపాలపని
టేపు అసలే వద్దని కొత్తవాళ్లు అనుకోకూడదు. గేజ్‌లు రెగ్యులేటర్‌లోకి దిగే చోట ఉండేది చివరికి సన్నబడే మర. అక్కడ మరే మూస్తుంది కాబట్టి టేపు కావాలి. కొత్త రెగ్యులేటర్‌లో కూడా గేజ్ మర దగ్గర బుడగలు రావడం నేను చూశాను.

రాగిగొట్టం
అది నిజమే, ఒప్పుకుంటున్నాను. గొట్టం చివర ఉండే ఫ్లేర్ కీళ్లకు మాత్రం టేపు వద్దు, అవి శంకు ముఖం మీద మూస్తాయి.

తొలికాపు
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నాకూ ఇలాంటిదే జరుగుతోంది. ఖాళీ కెగ్‌ను 25 డిగ్రీల దగ్గర 30 పీఎస్ఐకి నింపి, డిస్కనెక్ట్ తీసి, ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాడు చూస్తే 27కు దగ్గరగా ఉంది. మూత ఓ-రింగ్ మార్చినా మళ్లీ అంతే. ఇప్పుడు ఏది మార్చాలి?

నిదానం
ఏదీ మార్చనక్కర్లేదు. చల్లబడిన గ్యాసు పీడనం తగ్గుతుంది. గేజ్ చూపే 30కి గాలి పీడనం 14.7 కలిపితే 44.7 అవుతుంది. 25 డిగ్రీల నుంచి 4 డిగ్రీలకు దిగితే, పరమ ఉష్ణోగ్రతలో చూసినప్పుడు 298 నుంచి 277కు దిగినట్టు. ఆ నిష్పత్తిలో 44.7 కాస్తా 41.5 అవుతుంది, అందులోంచి 14.7 తీసేస్తే 26.8 వస్తుంది. మీ కెగ్ చక్కగా నిలబడింది. దాన్ని తిరిగి బయటపెట్టి వెచ్చబడనిస్తే 30కి వస్తుంది, చూడండి.

తొలికాపు
బయటపెట్టాను. నాలుగు గంటల తరువాత సరిగ్గా 30 ఉంది. రెండు వారాలుగా పడుతున్న బెంగ తీరింది.

బార్లీగింజ
నా పరీక్షల ఫలితాలు ఇవి. గొట్టం లాగడం వల్ల కాటా తప్పు చూపుతోందని మొదటి రోజే తెలిసింది. అందుకని తూచేముందు డిస్కనెక్ట్ తీసి, గొట్టాన్ని చుట్టి, రెగ్యులేటర్‌తో సహా కాటా మీద పెడుతున్నాను.

మొదటి రోజు అన్నీ మామూలుగా తగిలించి ఉంచాను. బీరు అప్పటికే పూర్తిగా కార్బొనేట్ అయి ఉంది, చుక్క కూడా తీయలేదు. 24 గంటల్లో 96 గ్రాములు తగ్గింది. రెండో రోజు రెగ్యులేటర్ దిగువన ఉన్న చిన్న వాల్వ్ మూసి, సిలిండర్ వాల్వ్ తెరిచి ఉంచాను. బరువు ఏమీ తగ్గలేదు. మూడో రోజు ఆ వాల్వ్ కూడా తెరిచి, డిస్కనెక్ట్‌ను కెగ్‌కు తగిలించకుండా ఫ్రిజ్‌లోనే వేలాడదీశాను. ఈసారీ ఏమీ తగ్గలేదు. అంటే సిలిండర్, రెగ్యులేటర్, గొట్టం మంచివేనన్నమాట. తప్పు కెగ్‌దేనని తేలింది, పీపాలపని గారు చెప్పినట్టు మూతే అయి ఉంటుంది.

లోహకారుడు
ఇంకా తేలలేదు. కెగ్‌ను 12 పీఎస్ఐ దగ్గర ఉంచి, గ్యాసు డిస్కనెక్ట్ తీసేసి, ఒక రోజు ఫ్రిజ్‌లోనే వదిలేయండి. మర్నాడు గేజ్ బిగించిన వేరే డిస్కనెక్ట్‌తో కొలవండి. మూత, రిలీఫ్ వాల్వ్, డిప్ ట్యూబ్ ఓ-రింగులు, పాపెట్లు అన్నీ ఆ ఒక్క పరీక్షతో తేలిపోతాయి.

హాప్స్‌తీగ
ఈ పరీక్షలో ఒక లోపం ఉంది. కెగ్‌లో కార్బొనేట్ అయిన బీరు ఉంది. మూత నుంచి గ్యాసు పోతే, బీరులోంచి అంత గ్యాసు పైకి వచ్చి ఆ లోటును పూడుస్తుంది. గేజ్ 12 చూపించినంత మాత్రాన లీకు లేదని చెప్పలేం.

నిదానం
చిన్న లీకు అయితే మీరు చెప్పినట్టే దాగిపోతుంది. కానీ ఇక్కడ రోజుకు 96 గ్రాములు పోతోంది, బీరులో మొత్తం ఉన్నదే 93 గ్రాములు. అంత పోతే పీడనం నిలబడదు, బీరు సగానికి సగం చప్పబడిపోతుంది. ఈ మోతాదు లీకుకు ఈ పరీక్ష చాలు.

నాకు తోచే అసలు ప్రశ్న వేరు. రోజుకు 96 గ్రాములంటే నిమిషానికి 36 మిల్లీలీటర్లు. అది సన్నని లీకు కాదు, సబ్బునీళ్లు తగిలితే నురగ పొంగాలి. అయినా కనిపించలేదంటే, మీరు చూస్తున్న సమయంలో లీకు లేదని అర్థం. మీరు చూసినప్పటికీ చూడనప్పటికీ తేడా ఏమిటో ఆలోచించండి.

మంచుగది
చలి కావచ్చు. చల్లబడితే రబ్బరు గట్టిపడుతుంది, గొట్టం కూడా బిరుసెక్కుతుంది. అయితే రెండోసారి ఫ్రిజ్‌లోనే చూశారు కదా.

బార్లీగింజ
దొరికింది! వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది నేను ఊహించని చోట దొరికింది.

లోహకారుడు గారు చెప్పినట్టు కెగ్‌ను విడిగా ఒక రోజు ఉంచితే, మర్నాడు కూడా 12 పీఎస్ఐ చెక్కుచెదరలేదు. అంటే మూతకు ఏ దోషమూ లేదు. తగిలించినప్పుడు మాత్రమే పోతోందంటే పోస్ట్ వెలుపలి ఓ-రింగే కావాలి. కానీ తగిలించి సబ్బునీళ్లు చల్లితే మళ్లీ ఏమీ లేదు. నిదానం గారి ప్రశ్న రాత్రంతా బుర్రలో తిరిగింది. పొద్దున్న ఫ్రిజ్ తలుపు వేస్తుండగా, చివరి రెండంగుళాల దగ్గర తలుపు కాస్త ఎదురుతన్నినట్టు అనిపించింది. తలుపు లోపలి అర గొట్టాన్ని నొక్కుతోంది! బిరుసెక్కిన గొట్టం డిస్కనెక్ట్‌ను పక్కకు వంచుతోంది. నేను పరీక్షించాలని తలుపు తెరిచిన ప్రతిసారీ ఆ ఒత్తిడి పోయి, డిస్కనెక్ట్ నిటారుగా నిలబడుతోంది.

కెగ్ బయటికి తీసి, సబ్బునీళ్లు చల్లి, గొట్టాన్ని చేత్తో పక్కకు నొక్కాను. డిస్కనెక్ట్ అంచు కింద ఒక్క వైపు నుంచి నురగ పొంగింది. చెయ్యి తీస్తే ఆగిపోయింది. పీడనం వదిలి, ఓ-రింగ్ తీసి చూస్తే, అది ఒక పక్క చదునుగా అరిగిపోయి, గోరు దిగేంత గాటు పడి ఉంది. ఈ కెగ్ కొన్నప్పుడు మూత ఓ-రింగ్ మార్చాను కానీ పోస్టులకు ఉన్నవి చూడలేదు. అవి సిరప్ రోజుల నాటివే.

లోహకారుడు
చాలా బాగా పట్టుకున్నారు. ఓ-రింగ్ ఒక్కటే మారిస్తే కొన్నాళ్లు పనిచేస్తుంది, తలుపు ఒత్తిడి అలాగే ఉంటే కొత్తది కూడా ఒక పక్కే అరుగుతుంది. రెండూ సరిచేయండి. తీసిన పనిలో పనిగా అన్ని ఓ-రింగులూ మార్చేయండి. పోస్టులు విప్పినప్పుడు ఏది గ్యాసుదో గుర్తు పెట్టుకోండి, బాల్ లాక్‌లో గ్యాసు పోస్ట్ ఆరు పలకల మీద చిన్న గాట్లు ఉంటాయి. రెండూ తారుమారైతే డిస్కనెక్ట్ ఇరుక్కుపోయి, తీయడం కష్టమవుతుంది.

రాగిగొట్టం
డిస్కనెక్ట్‌కు, గొట్టానికి మధ్య మోచేతి ఆకారపు కీలు ఒకటి పెడితే గొట్టం తలుపు వైపు రాకుండా పక్కకు తిరుగుతుంది. నెట్టి బిగించే రకం కీళ్లయితే గొట్టాన్ని పదునైన బ్లేడుతో నిటారుగా కోయండి. ఏటవాలుగా కోస్తే లోపలి ఓ-రింగ్‌కు సరిగా ఆనదు. అలాంటి కీళ్లకు కూడా పక్క ఒత్తిడి పనికిరాదు.

పీపాలపని
మూత అని గట్టిగా చెప్పినందుకు బార్లీగింజ గారికి ఒక రోజు వృథా అయింది, అది నా తొందరపాటే. కొత్త ఓ-రింగులు వేసేటప్పుడు పలుచగా పెట్రోలియం జెల్లీ రాయండి, డిస్కనెక్ట్ సులువుగా దిగుతుంది, గాట్లు పడవు.

మంచుగది
పెట్రోలియం జెల్లీ అన్నింటికీ పనికిరాదు. ఓ-రింగ్ ఈపీడీఎం రబ్బరుదైతే పెట్రోలియం తగిలి ఉబ్బి, మెత్తబడి పాడవుతుంది. నైట్రైల్ రబ్బరు తట్టుకుంటుంది. పైగా జిడ్డు బీరు నురగను చంపుతుంది. ఆహారానికి పనికొచ్చే సిలికోన్ గ్రీజు వాడటం మేలు.

పీపాలపని
నావి నైట్రైల్‌వి కాబట్టి నాకు ఇబ్బంది రాలేదేమో. కానీ సిలికోన్ గ్రీజు కూడా సిలికోన్ ఓ-రింగులకు రాయకూడదు కదా? నేను మూతకు వాడమన్న మెత్తని రకం సిలికోన్‌దే.

మంచుగది
అవును, సిలికోన్ రబ్బరు సిలికోన్ గ్రీజును పీల్చుకుని ఉబ్బుతుంది. దాన్ని పొడిగానే వాడాలి. సిలికోన్ రబ్బరులోంచి గ్యాసు మిగతా రబ్బర్లకంటే చాలా ఎక్కువగా దూరిపోతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. వంకరపోయిన పాత మూతకు తప్పదనుకుంటే తప్ప నేను దాన్ని వాడను.

తొలికాపు
ఇంకొక్క సందేహం. నా కెగ్‌లో పీడనం నిలబడుతోంది, కానీ బీరు గొట్టంలో కెగ్ వైపు నుంచే చిన్న బుడగలు వరుసగా వస్తూ గ్లాసు నిండా నురగే పడుతోంది. ఇది కూడా లీకేనా?

లోహకారుడు
లీకే, కాకపోతే గ్యాసు బయటికి పోవడం లేదు. బీరు వైపు పొడుగాటి డిప్ ట్యూబ్ మెడకు ఉండే ఓ-రింగ్ సరిగా లేకపోతే, బీరు పైనున్న ఖాళీలోని గ్యాసు పోస్ట్‌లోకి దూరి, పైకి వస్తున్న బీరుతో కలుస్తుంది. పీడనం వదిలి, ఆ పోస్ట్ విప్పి, ఓ-రింగ్ మార్చండి. పాపెట్‌లో హాప్స్ ఆకు తునకలు ఇరుక్కున్నాయేమో కూడా చూడండి, వాటి వల్ల కూడా నురగ వస్తుంది.

బార్లీగింజ
కొత్త ఓ-రింగులు నాలుగూ వేశాను, మోచేతి కీలు పెట్టాను, కెగ్‌ను వెనక్కి జరిపి తలుపుకూ గొట్టానికీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ ఉంచాను. వారం రోజుల్లో నాలుగు లీటర్ల బీరు తీశాం. నిదానం గారి లెక్క ప్రకారం 14 గ్రాములు ఖర్చవ్వాలి. కాటా 15 చూపించింది.